విల్కాస్‌వమాన్ దాకా: నా అనుభవం

పెరూ వెళ్తున్నానని చెప్పగానే అందరూ మాచుపిచ్చు గురించే అడిగారు. నేను వెళ్లాలనుకున్న ఊరు వేరే. పేరు విల్కాస్‌వమాన్. అయకూచో ప్రాంతంలో సుమారు 3,500 మీటర్ల ఎత్తున కొండల మీద ఉంది. మాచుపిచ్చు, స్పెయిన్ వాళ్లు రాకముందు ఇక్కడ ఏలిన ఇంకాల రాజు విడిది అని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. విల్కాస్‌వమాన్ మాత్రం పాలన సాగించిన చోటు. ఇంకాల రాజధాని కుస్కో నుంచి సముద్రం వైపు దిగే బాట, ఉత్తరాన కీటో దాకా సాగే రాజబాట ఇక్కడే కలిసేవి. 16వ శతాబ్దం నడుమ ఈ దారుల్లో తిరిగిన సియెసా డి లియోన్ అనే స్పెయిన్ సైనికుడు, కీటో నుంచి ఇక్కడికి ఎంత దూరమో ఇక్కడి నుంచి చిలీకి అంత దూరమని రాసుకున్నాడు. గుర్రాలు లేవు, బండి చక్రం లేదు. అయినా అంత రాజ్యాన్ని ఎలా నడిపారో తెలియాలంటే ఇలాంటి ఊరే చూడాలని నా గట్టి నమ్మకం.

ముందు వీసా సంగతి. నేను అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి అది తేలిగ్గా తేలిపోయింది. మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ల దగ్గర అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, షెంజెన్ వీసాల్లో ఏదో ఒకటి కనీసం ఆరు నెలల గడువుతో ఉంటే, 2017 నుంచి పెరూ టూరిస్టులుగా వీసా అడగకుండా రానిస్తోంది. వీసా స్టాంప్ గడువు తీరిపోయి అమెరికాలో అప్రూవల్ కాగితం మీద ఉంటున్నవాళ్లు మాత్రం టికెట్ కొనకముందే కాన్సులేట్‌లో అడిగి తెలుసుకోవాలి.

లిమా నుంచి అయకూచోకి రాత్రి బస్సులున్నాయి. కానీ సముద్ర మట్టాన ఎక్కినవాళ్లను అవి తెల్లారేలోగా 4,700 మీటర్ల పైన కనుమ దాటిస్తాయి. అలవాటు లేని ఒంటికి అది మంచిది కాదనిపించి విమానం ఎక్కాను. గంట ప్రయాణం. అయకూచో 2,760 మీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి అక్కడ ఆగి ఒంటిని అలవాటు చేసుకోవచ్చు. డాక్టర్ రాసిచ్చిన మాత్రలు, కోకా ఆకుల టీ, మెల్లగా నడవడం, ఇవే నా మందులు. మొదట్లో మెట్లు ఎక్కితే చాలు తల దిమ్ముగా ఉండేది. ఆ దిమ్ము పూర్తిగా తగ్గాకే పైకి బయల్దేరాను. ఒక జాగ్రత్త: కోకా ఆకులు అక్కడ బజార్లో కూరాకులా అమ్ముతారు కానీ, తిరిగి వచ్చేటప్పుడు ఒక్క ఆకు కూడా బ్యాగులో ఉండకూడదు. అమెరికాలోనూ మన దేశంలోనూ అది నేరం.

అయకూచోలో ఉన్నప్పుడు అన్ఫాసెప్ అనే తల్లుల సంఘం నడిపే స్మృతి మ్యూజియం చూశాను. విల్కాస్‌వమాన్ వెళ్లేవాళ్లు ముందు అది చూసి వెళ్లాలని నేను గట్టిగా చెబుతాను. 1980లో ఈ ప్రాంతంలోనే ‘షైనింగ్ పాత్’ అనే మావోయిస్టు దళం సాయుధ పోరు మొదలుపెట్టింది. అటు వాళ్లకీ ఇటు సైన్యానికీ మధ్య నలిగిపోయింది కెచువా మాట్లాడే పల్లెజనం. ఆ కాలంలో సుమారు 69,000 మంది చనిపోయి ఉంటారనీ, వాళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురు కెచువా లాంటి స్థానిక భాషల వాళ్లేననీ 2003లో సత్యశోధన సంఘం తేల్చింది. విల్కాస్‌వమాన్ పరిధిలోని అక్కోమార్కా అనే పల్లెలో 1985 ఆగస్టులో సైనికులు అరవైమందికి పైగా ఊరివాళ్లను చంపేశారు. వాళ్లలో పసిపిల్లలూ ఉన్నారు. మాయమైన బిడ్డల కోసం 1983లో తల్లులు కట్టుకున్న సంఘమే ఈ అన్ఫాసెప్. గోడల మీది ఫోటోలు, తవ్వకాల్లో దొరికిన చొక్కాలు చూశాక చాలాసేపు నోట మాట రాలేదు. ఈ ఊళ్లకు టూరిస్టులు రాకపోవడానికి దూరం ఒక్కటే కారణం కాదని అప్పుడు తెలిసింది.

విల్కాస్‌వమాన్‌కి పెద్ద బస్సులు తక్కువ. కోంబీ అని పిలిచే వ్యాన్లే ఎక్కువ. తెల్లవారుజామున స్టాండుకి వెళ్లి సీటు పట్టుకోవాలి. వ్యాను నిండితేనే కదిలేది. చిల్లర సోల్స్ (పెరూ డబ్బు), పెద్ద దుప్పటి, నీళ్లు వెంట ఉంచుకోండి. దారి 4,000 మీటర్లు దాటిన మైదానాల మీదుగా వెళ్తుంది. చెట్టూ చేమా లేని పసుపు గడ్డి, దూరంగా మేసే లామా జంతువులు. మలుపుల దగ్గర టెన్షన్ పడ్డాను, దాచుకోను. నా పక్కన కూర్చున్న పెద్దావిడ నా మొహం చూసి కొంగులోంచి వేయించిన మొక్కజొన్నలు తీసి చేతిలో పోసింది. ‘తిను బాబూ, నమిలితే కడుపు తిప్పదు’ అంది. మూడు నాలుగు గంటల దారిలో నాకు బాగా పనిచేసిన వైద్యం అదే.

దిగిన చోటే పాత నగరం మొదలవుతుంది. ఇప్పటి ఊరి కూడలి ఇంకాల కాలపు పెద్ద మైదానంలో ఒక ముక్క. దాని మీదికి చూస్తూ సూర్యుడి ఆలయపు మెట్ల గోడలు, వాటి మీద స్పెయిన్ వాళ్లు కట్టిన సాన్ హువాన్ బౌటిస్తా చర్చి. కింది రాళ్లు సున్నం లేకుండా ఒకదానికొకటి అతికినట్టు ఉంటాయి. పై కట్టడం మామూలు రాయీ మట్టీ. ఏ గైడూ చెప్పనక్కర లేకుండా, రెండు కాలాలు ఆ ఒక్క గోడలో కనిపిస్తాయి. సందుల్లో నడుస్తుంటే ఇళ్ల పునాదుల్లోనూ అవే నునుపు రాళ్లు. అమరావతి స్తూపం రాళ్లు ఊరి కట్టడాల్లోకి వెళ్లిపోయిన కథ గుంటూరు జిల్లాలో పుట్టిన నాకు కొత్త కాదు. అందుకే వీళ్లను తప్పుపట్టబుద్ధి కాలేదు. రాళ్లు చేతికందే దూరంలో ఉన్నాయి, మనుషులకు ఇల్లు కావాలి.

అసలు చూడాల్సింది ఉష్ణూ. మెట్లు మెట్లుగా పైకి సన్నబడే రాతి వేదిక ఇది. ఇంత బాగా నిలిచిన ఉష్ణూ ఇంకాల రాజ్యం మొత్తంలో అరుదు. రెండు చట్రాలున్న ద్వారం, కింద వెడల్పుగా పైకి పోయేకొద్దీ ఇరుకుగా ఉంటుంది. దాన్ని దాటి నిటారు మెట్లెక్కితే పైన ఒకే రాయిలో చెక్కిన ఇద్దరు కూర్చునే ఆసనం. రాజూ రాణీ అక్కడ కూర్చునేవారనీ, అప్పట్లో దానికి బంగారు రేకు తొడిగేవారనీ చెబుతారు. ఈ ప్రాంతపు చాంకా తెగను ఓడించాక ఈ నాలుగు దారుల కూడలిలో ఇంకాలు ఎందుకు ఇంత కట్టారో పైకెక్కి చూస్తే తెలుస్తుంది. వచ్చే సైన్యం, పోయే లామాల బిడారు, గోదాముల వైపు నడిచే జనం, అంతా ఈ కుర్చీ ముందు నుంచే వెళ్లాలి. 1533లో పెరూను జయించిన స్పెయిన్ సేనాని పిసారో మనుషులు కుస్కోకి వెళ్తూ ఇక్కడ పోరాడాల్సి వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. నేను వెళ్లినప్పుడు పైన ఇద్దరు బడిపిల్లలు హోంవర్క్ రాసుకుంటున్నారు.

రాత్రి అక్కడే ఉండండి. పొద్దున వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్లే ట్రిప్పుల్లో గంటా రెండు గంటలకు మించి దొరకదు. గదులు మామూలువి, చలి ఎక్కువ, మూడు రగ్గులు అడిగి తీసుకోండి. శాకాహారులకు కీన్వా సూప్, ఉడికించిన దుంపలు, జున్నుతో మొక్కజొన్న కంకి దొరుకుతాయి. అయకూచోలో పూకా పికాంతే తినాలి. పల్లీలు, ఎండుమిర్చి, దుంపలతో ఎర్రగా వండుతారు. పక్కన వేసే పంది మాంసం వద్దని ముందే చెప్పాలి. మే నుంచి సెప్టెంబరు దాకా పొడి కాలం. వానల్లో కొండచరియలు పడి దారి మూసుకుపోతుంది.

తిరుగు దారిలో విష్చోంగో దగ్గర దిగితే పోమకోచా సరస్సు ఒడ్డున ఇంకాల కాలపు గోడలు, స్నానాల గది ఉన్నాయి. అదే ఊరి పైన టిటాంకయోక్‌లో పూయా రైమోందీ మొక్కల అడవి ఉంది. జీవితంలో ఒక్కసారి పూసి చనిపోయే మొక్క అది. ఎక్కడానికి ఊపిరి బాగా ఉండాలి. కుస్కో కూడా చూడాలనుకునేవాళ్లు అయకూచో నుంచి వెనక్కి లిమాకి రాకుండా అందవైలాస్, అబాంకాయ్ మీదుగా బస్సులో వెళ్లవచ్చు. అందవైలాస్ దగ్గర సోందోర్ అనే గుట్ట మీద మెట్ల కట్టడం ఉంది, చాంకాల గడ్డ అది. నేను అలాగే వెళ్లాను, మీరూ ఆ దారే పట్టండి.