తాళం మాత్రం భద్రంగా ఉంది

తాళం అలాగే ఉంది. తలుపే వంగిపోయింది. పొద్దున్నే ఐదింటికి నీళ్ల ప్లాంటు దగ్గరికి వెళ్లేసరికి కాయిన్ బాక్స్ నోరు తెరుచుకుని కనిపించింది.

గడ్డపారతో పెకలించినట్టున్నారు. పోయింది మహా అయితే నాలుగు వందలు, అన్నీ ఐదు రూపాయల బిళ్లలే. బాగుచేయడానికి మెకానిక్ అంతకు పదింతలు అడుగుతున్నాడు.

నిజానికి ఆ మిషన్‌ని మోసం చేయడం అంత తేలిక కాదు. లోపల నమూనాగా ఒక ఐదు రూపాయల బిళ్ల పెట్టి ఉంటుంది. మనం వేసింది దానితో సరిపోలితేనే 20 లీటర్ల క్యాన్ నిండుతుంది. పోయిన వేసవిలో ఎవరో ఇనుప వాషర్లు వేసి చూశారు. అన్నింటినీ కింద గిన్నెలోకి కక్కేసింది. (ఆ వాషర్లు నా బండికి పనికొచ్చాయి లెండి.)

ఇవాళ్టి నుంచి రాత్రి చిల్లర తీసేసి, పెట్టె తలుపు బార్లా తెరిచి, పైన లైటు వేసి వెళ్తాను. ఖాళీ పెట్టె కోసం గడ్డపార మోసుకురారు కదా!

ఇంతలో బిందెతో వచ్చిన పెద్దమ్మ ఆ తలుపుకేసి చూసి, "అయితే ఇవాళ నీళ్లు లేవా అయ్యా?" అంది.

పక్క పైపు తిప్పి పట్టిచ్చాను. బిళ్ల ఇస్తే ఎక్కడ వేయాలో తెలియక ఇద్దరం నవ్వుకున్నాం.