బరంపురం వ్యాపారులకు మాస్టర్‌మైండ్ గ్రూప్ ఎందుకు కావాలి

ఒడిశాలోని బరంపురంలో ఉన్న తెలుగు వ్యాపార కుటుంబాలకు వర్తక సంఘాలు కొత్త కాదు. అయితే సంఘంలో అందరిదీ ఒకే వ్యాపారం కావడం వల్ల ఎవరూ తమ అసలు లెక్కలు పక్కవారికి చూపరు. ఇంట్లో మాట్లాడుకుందామంటే పెద్దవారి మాట కాదనడానికి చిన్నవారు వెనుకాడతారు. మాస్టర్‌మైండ్ గ్రూప్ ఈ లోటునే తీరుస్తుందని నా గట్టి నమ్మకం. వేర్వేరు వ్యాపారాలు చేసే ఐదారుగురు నెలకొకసారి కూర్చుని, ఒక్కొక్క సమావేశంలో ఒక్కరి సమస్యనే చేపట్టి, వారి ఖాతాలు చూసి ప్రశ్నలు వేస్తారు. వారు చేస్తానన్న పనిని రాసిపెట్టుకుని, చేశారా లేదా అని మరుసటి నెల అడుగుతారు.

ఈ పద్ధతి చాలా పాతది. తర్వాత అమెరికా నేతగా పేరొందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్, అచ్చుపని చేసుకునే యువకుడిగా ఉన్నప్పుడే 1727లో ఫిలడెల్ఫియాలో జుంటో అనే బృందాన్ని ఏర్పరచి, ప్రతి శుక్రవారం సాయంత్రం మిత్రులతో సమావేశమయ్యేవాడు. ఈ మధ్య ఊళ్లో ఎవరి వ్యాపారం దెబ్బతిన్నది, దానికి కారణమేమిటి, ఎవరు బాగా వృద్ధిలోకి వచ్చారు, ఏ మార్గాన అన్నవి వారు వేసుకున్న ప్రశ్నలలో ఉన్నాయి. మా బృందం కూడా ఈ ప్రశ్నలతోనే మొదలుపెడుతుంది.

మాది అప్పడాల తయారీ. మాతో పాటు పట్టుచీరల దుకాణం, ప్రింటింగ్ ప్రెస్, మందుల షాపు నడిపేవారు, ఒక ఒడియా హార్డ్‌వేర్ వ్యాపారి, ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్మే ఒకావిడ ఉన్నారు. 1936లో ఒరిస్సా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అందులో కలిసింది గాని, మా బంధుత్వాలూ బేరసారాలూ సరిహద్దుకు ఆవల ఆంధ్రప్రదేశ్‌లోని ఇచ్ఛాపురం వైపు సాగుతూనే ఉన్నాయి. అందుకే అక్కడి దుకాణాల నుంచి పచ్చళ్లకు ఆర్డరు వచ్చినప్పుడు ఆవిడ ఎంతో సంతోషించారు. ఆవిడ చిన్న వ్యాపారులకు ఉద్దేశించిన జీఎస్టీ కాంపోజిషన్ పథకంలో ఉన్నారని, ఆ పథకంలో అమ్మకాలపై 1 శాతం పన్నుతో సరిపోయినా రాష్ట్రం దాటి సరుకు అమ్మే వీలు లేదని పట్టుచీరల వ్యాపారి సకాలంలో గుర్తుచేశారు. సాధారణ రిజిస్ట్రేషన్‌కు మారితే రిటర్నుల పని ఎంత పెరుగుతుంది, నూనె, సీసాలు, డబ్బాల కొనుగోలు మీద కట్టిన పన్నులో ఎంత తిరిగి సర్దుబాటవుతుంది అని అందరం కలిసి లెక్కవేశాక, మారడమే మేలని ఆవిడ నిర్ణయించుకున్నారు. ఎంత మంచి అకౌంటెంటయినా అడిగినదానికే జవాబు చెబుతాడు. ఏమి అడగాలో తెలియడానికి ఇలాంటి మనుషులు కావాలి.

గోప్యత విషయంలో మాత్రం రాజీ పనికిరాదు. మన ఊళ్లలో ఒకరి అప్పుల సంగతి బయటికి పొక్కితే బజారులో అరువు పుట్టదు, ఇంట్లో పెళ్లి సంబంధాల దాకా దాని ప్రభావం పోతుంది. కాబట్టి దగ్గరి బంధువులు, ఒకే సరుకు అమ్మేవారు ఒకే బృందంలో ఉండకూడదని నియమం పెట్టుకున్నాము.

ఈ మధ్య చర్చకు వచ్చినది ప్రెస్ యజమానికి ఒక పెద్ద ఖాతాదారు నుంచి రావలసిన బకాయి. ఆయన ఉద్యమ్ (చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం చేసే) నమోదు ఉన్న చిన్న ఉత్పత్తిదారు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులలో, ఉన్నా 45 రోజులకు మించకుండా కొనుగోలుదారు డబ్బు చెల్లించాలి; గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది. ఈ సంగతి ఆయనకు తెలుసు, కాని ఆ ఖాతాదారు దూరమవుతాడేమోనని నోరు విప్పలేదు. “వడ్డీ అడగవద్దు బాబూ, చట్టం ఉన్నదని మర్యాదగా రాయండి, చాలు” అని మందుల షాపు పెద్దాయన అన్నారు. హార్డ్‌వేర్ వ్యాపారి కూర్చుని ఆ ఉత్తరాన్ని చక్కని ఒడియాలో దిద్దారు. ఉత్తరం అందాక సగం బకాయి వచ్చింది. మిగిలిన సగానికి చెక్కు తేదీ రాయించుకుని రావడం వచ్చే నెలకు ఆయన ఒప్పుకున్న పని.