నిర్మలగిరి దారిలో ఎనిమిదో ఆజ్ఞ

నరసాపురంలో రైలెక్కితే పాలకొల్లు, భీమవరం, తణుకు మీదుగా నిడదవోలు. అక్కడి నుంచి రోడ్డు మెట్టకు ఎక్కుతుంది. వరిచేలు, చెరువులు వెనకబడి ఎర్రనేల, పొగాకు బ్యారన్లు కనిపిస్తే నిర్మలగిరి మాత (మరియమ్మ) క్షేత్రమున్న గౌరీపట్నం దగ్గరపడినట్టే. యేసుకు తల్లివవుతావని మరియమ్మకు దేవదూత చెప్పిన మంగళవార్త పండుగ మార్చి 25న కాబట్టి నిర్మలగిరి మాత యాత్ర సాధారణంగా ఈస్టరుకు ముందొచ్చే తపస్సుకాలంలోనే పడుతుంది. పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, వరసలు పెద్దవి. ఆ తోపులాటలో ఆత్మపరిశోధన కుదరదు, అందుకే మేం ఆ పని రైల్లోనే పెట్టుకుంటాం.

పది ఆజ్ఞల్లో అబద్ధసాక్ష్యం పలకొద్దనే ఎనిమిదో ఆజ్ఞ దగ్గర ఎక్కువసేపు ఆగుతాం. "అబద్ధాలాడాను ఫాదర్" అని ఒక్కముక్కలో తేల్చేసేది అక్కడే. చావైన పాపమైతే, అంటే తెలిసి, కావాలని చేసిన ఘోరపాపమైతే, ఏ రకమో, ఎన్నిసార్లో చెప్పాలి. అబద్ధం ఏ నిజాన్ని చెరిపింది, ఏ ఉద్దేశంతో ఆడాం, ఎవరికెంత నష్టం చేసింది అన్నదాన్ని బట్టి దాని బరువు.

మా వైపు రొయ్యల లెక్కే తీసుకోండి. కౌంటంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య, అది పెరిగితే రొయ్య చిన్నది, ధర తక్కువ. కిలోకు 50 తూగిన రొయ్యని 60 కౌంటని రాసి కొంటే అది దొంగతనం కూడా, ఏడో ఆజ్ఞ కిందికీ వస్తుంది. రెండు కౌంట్ల ధరల తేడాని మొత్తం కిలోలతో హెచ్చవేసి రైతుకు తిరిగివ్వాలి. ఆయన లేకపోతే వారసులకి, ఎవరో తెలియకపోతే పేదలకి. బయటపడి ఇచ్చే వీలు లేకపోతే గుట్టుగానైనా చేర్చాలి. ప్రాయశ్చిత్తంగా ఇచ్చిన మంగళవార్త జపాలు ఈ బాకీని తీర్చవు. చెరువులో నిషేధించిన క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ వాడి "వాడలేదండీ" అన్న రైతుదీ ఇదే దారి.

చాడీల సంగతి ఇంకా చిక్కు. "ఉన్నమాటే కదండీ అన్నాను?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. తగిన కారణం లేకుండా ఒకరి తప్పు తెలియనివాళ్ల ముందు బయటపెడితే, అది నిజమైనా పాపమే. అల్లిన నిందనైతే "అది అబద్ధం, నేనే అన్నాను" అని విన్నవాళ్ల దగ్గరకే వెళ్లి వెనక్కి తీసుకోవచ్చు. నిజాన్ని అలా తీసుకోలేం, తీసుకుంటే ఇంకో అబద్ధమవుతుంది. ఆ మనిషిలోని మంచిని అదే అరుగు మీద చెప్పి పరువు నిలబెట్టడమే మిగిలేది. అలాగని అడిగినవాళ్లందరికీ అన్నీ చెప్పాలనీ లేదు. తెలుసుకునే హక్కు లేనివాళ్ల దగ్గర మౌనం తప్పు కాదు, అబద్ధం మాత్రం తప్పే.

మనల్ని ఎరగని గురువు దొరుకుతారని క్షేత్రంలో చెప్పుకోవడం మంచిదే. ఎవరికి చెప్పినా ఆ రహస్యం దాటదు, నేరుగా దాటించిన గురువు ఆ క్షణమే శ్రీసభ (కతోలిక సంఘం) నుంచి వెలి అవుతారు. మరచిపోయిన పాపం మిగతావాటితోపాటే పోతుంది, గుర్తొస్తే తర్వాతిసారి చెప్పాలి. చావైన పాపాన్ని కావాలని దాస్తే ఆ పాపసంకీర్తనం చెల్లదు, చెప్పినవీ దాచినదీ అన్నీ మళ్లీ చెప్పుకోవాల్సిందే.