2 కిలోల పసుపు

రెండుసార్లు లైటు ఆర్పి పడుకున్నాను. నిద్ర రావడం లేదు. ఆయన తెల్లచొక్కా ఇంకా బకెట్లో నానుతోంది. నా గోళ్ళ సందుల్లో పసుపు ఎంత రుద్దినా పోలేదు.

చింతపల్లి నుంచి వస్తుంటే ఘాట్ దిగాక చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపారు. గంజాయి కోసం ఆపి వెతకడం కొత్తేమీ కాదు. ఈసారి ఎక్కిన కుర్రాడి చేతిలో ఇనుప చువ్వ ఉంది. నా ఒళ్ళో గుడ్డసంచి చూసి ఏముందని అడిగాడు. "పసుపు బాబూ, ముడి విప్పి చూపిస్తానుండు" అన్నాను. ముడి విప్పేంత సేపు కూడా ఆగలేదు. పక్క నుంచి చువ్వ గుచ్చి లాగాడు. సంచి చిరిగి పసుపంతా ఆయన చొక్కా మీద, సీటు మీద, కింద పడింది. ఆ కుర్రాడు చువ్వని ప్యాంటుకి తుడుచుకుని ముందు సీటుకి వెళ్ళిపోయాడు. ఒక్క మాట లేదు. వెనక సీట్లో ఉన్న గిరిజన ముసలాయన్ని మాత్రం మూటతో సహా కిందికి దింపారు. ఆయన మూటలో రాజ్మా గింజలు. అవన్నీ గోనె మీద కుమ్మరించి మళ్ళీ ఎత్తుకోమన్నారు. ఆయన ఒక్కో గింజా ఏరుకుంటుంటే, లంబసింగి చూసొస్తున్న కార్లు మా పక్క నుంచి ఆగకుండా పోయాయి. ఒక్క డిక్కీ కూడా తెరిపించలేదు. నేను లెక్కపెట్టాను, పదకొండు కార్లు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇదేం పద్ధతండీ" అని గట్టిగానే అన్నాను. ఆయన నా చెయ్యి నొక్కి ఊరుకోమన్నారు. అనకాపల్లి వచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు. ఊరుకోమన్నందుకు ఆయన మీద కూడా కోపం వచ్చింది.

అది కొన్న పసుపు అయితే ఇంత బాధ ఉండేది కాదు. ఒకప్పుడు మా ఇంట్లో ఉండి చదువుకున్న కొండ పిల్లాడి అమ్మ ఇచ్చింది. తోటలో తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, రోట్లో దంచి ఇచ్చింది. సరిగ్గా 2 కిలోలు, సంతలో తూకం వేయించి మరీ. వాడు ఇక్కడ మా ఇంట్లో తిన్న అన్నానికి ఆవిడ ఏటా ఇలాగే ఏదో ఒకటి ఇస్తుంది. వద్దంటే బాధపడుతుంది.

వాడి గురించి ఇదివరకు ఒకసారి రాశాను, పేరు ఇప్పుడు కూడా రాయను. నాన్నగారి ఆశ్రమ పాఠశాల పిల్లాడు. ఇంటర్‌కి కిందికి వచ్చి మా వెనకగదిలో ఉన్నాడు. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ రోజు, మా పెంకులు లేచిపోతుంటే మంచంలో ఉన్న అత్తగారిని వీపు మీద వేసుకుని ఎదురింటి డాబాలోకి తీసుకెళ్ళింది వాడే. వీధిలో మోకాలు దాటి నీళ్ళు. కొబ్బరిమట్టలు ఎగిరి వచ్చి పడుతున్నాయి. అత్తగారు భయంతో వాడి మెడ గట్టిగా పట్టేసుకున్నారు. "అమ్మగారూ, కొంచెం వదులు చెయ్యండి, ఊపిరి ఆడట్లేదు" అంటూనే అవతలికి చేర్చాడు. మళ్ళీ వెనక్కి వచ్చి ఆవిడ మందుల డబ్బా తీసుకెళ్ళాడు. ఆ డబ్బా సంగతి మాకెవరికీ గుర్తే లేదు. అత్తగారు పోయేదాకా వాణ్ణి పెద్దమనవడనే పిలిచారు.

ఇంటర్ తప్పాడు, కొండకి వెళ్ళిపోయాడు. 2019లో ఎవరో కింది నుంచి వచ్చిన వ్యాపారి బ్యాగు ఒకటి రైలు దాకా చేరిస్తే 5 వేలు ఇస్తానన్నాడు. బైకు వాయిదాలు రెండు నెలలవి కట్టలేదు. పోలీసులకి దొరికిపోయాడు. బ్యాగు నిండా గంజాయి, బ్రౌన్ టేపు చుట్టిన ఇటుకల్లాంటి ప్యాకెట్లు. తూకం వేస్తే 21 కిలోలు. ములాఖత్‌కి వెళ్ళినప్పుడు, లోపల ఏముందో తెలియదని చెప్తాడేమో అనుకున్నాను. "తెలుసక్కా" అన్నాడు. తల ఎత్తలేదు.

గంజాయి 20 కిలోలు దాటితే చట్టం దాన్ని వాణిజ్య పరిమాణం అంటుంది. తక్కువలో తక్కువ 10 ఏళ్ళ జైలు, లక్ష రూపాయల జరిమానా. బెయిలు దొరకడం కూడా చాలా కష్టం. అంతకు తక్కువైతే శిక్ష తగ్గించే వీలు జడ్జికి ఉంటుంది. వాడికి 10 ఏళ్ళే పడ్డాయి. ఇవాళ బస్సులో ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నంత సేపూ నాకు అదే లెక్క. వాడి బ్యాగు ఈ పసుపంత బరువు తగ్గి ఉంటే 19 కిలోలు. వ్యాపారి పేరు ఛార్జిషీటులో లేదు.

2021 చివర్లో పరివర్తన పేరుతో పోలీసులు ఏజెన్సీలో గంజాయి తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో ఇక్కడే కోడూరు దగ్గర 2 లక్షల కిలోల గంజాయి గుట్టలుగా పోసి తగలబెట్టారు. టీవీలో ఆ మంటలు చూస్తూ, అందులో వాడి 21 కిలోలు ఎక్కడున్నాయో అనుకున్నాను.

ఇంతవరకు కోపంతోనే రాశాను. కిందికి వస్తుంటే, మొక్కే కదా, మన తాతల కాలంలో సాధువులు తాగలేదా, దీనికి ఇన్ని చువ్వలెందుకు అని కూడా అనుకున్నాను. ఆ మాట ఇక్కడ రాయబోయి ఆగిపోయాను. పక్కగదిలో మా తమ్ముడి కొడుకు పడుకుని ఉన్నాడు.

వాడు నవంబరులో మా ఇంటికి వచ్చినప్పుడు అసలు మామూలుగా లేడు. నాలుగు రాత్రులు నిద్ర లేదు. గోడ అవతల ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారని, ఫ్యాను కూడా ఆపించి వినేవాడు. ఇంజనీరింగ్ హాస్టల్లో రెండేళ్ళు రోజూ గంజాయి. తర్వాత ఎవరో డబ్బున్న కుర్రాడి పార్టీల్లో కొకైన్ కూడా పీల్చాడట. చిన్నవయసులో ఇంత వాడితే, పైగా మనస్తత్వంలో లోపల బలహీనత ఏదైనా ఉంటే, ఇలా మాటలు వినిపించడం దాకా వస్తుందని డాక్టరుగారు చెప్పారు. కొకైన్ సంగతి కూడా ఓపిగ్గా చెప్పారు. మెదడులో సంతోషాన్నిచ్చే డోపమైన్ అనే రసాయనం పని అయ్యాక వెనక్కి వెళ్ళిపోవాలి. కొకైన్ ఆ దారి మూసేస్తుంది. పీలిస్తే అరగంటలో దిగిపోతుంది, దిగాక మనసు ముందున్న చోటు కన్నా కిందికి పడుతుంది, అందుకే మళ్ళీ కావాలంటాడు. రక్తనాళాలు బిగుసుకుని పాతికేళ్ళ వాళ్ళకి కూడా గుండెపోటు రావచ్చు. మద్యంతో కలిస్తే కాలేయంలో ఇంకో విషం తయారవుతుంది. వింటూ మా తమ్ముడు కుర్చీ చెయ్యి పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

రాత్రి తొమ్మిదింటికి ఆయన పెట్టిన ఛానెల్లో కూడా కొకైన్ గురించే చర్చ. ఎవరెవరు పార్టీకి వచ్చారు, ఏ కారులో వచ్చారు అని గంటసేపు. ఒక్కళ్ళు కూడా ఫ్యాను ఆపించి వినే పిల్లల గురించి మాట్లాడలేదు. నేనే లేచి ఆపేశాను.

అందుకని ఆ చువ్వ కుర్రాడి మీద కోపం సగం తగ్గింది. అతను గుచ్చింది మా పిల్లాడి లాంటి వాళ్ళ కోసమే అనుకోవాలి. కానీ మొత్తం తగ్గడం లేదు. తనంతట తాను వైద్యానికి వచ్చినవాడికి, వాడినందుకో, కొద్దిపాటి సరుకు దగ్గర పెట్టుకున్నందుకో పడే కేసు నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్ ఒకటి ఉందట, 64ఏ. మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేసిన రోజే, భయపడకండి అని వాళ్ళు చెప్పారు. మా తమ్ముడు ఆ మాట విని ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. మోసినవాడికి అలాంటి సెక్షన్ లేదు. ఇద్దరికీ నేనే అన్నం పెట్టాను. ఒకడికి డాక్టరు, ఒకడికి జైలు. దీన్ని ఎలా ఆలోచించాలో నాకు ఇంతసేపు కూర్చున్నా తెలియడం లేదు.

రాత్రి పప్పులో ఆ పసుపే వేశాను. "అత్తా, వాసన బాగుంది, ఇంకొంచెం వెయ్యి" అన్నాడు పిల్లాడు. నవంబరు తర్వాత వాడు అడిగి మళ్ళీ వేయించుకోవడం ఇదే మొదటిసారి. ఎవరిచ్చిన పసుపో చెప్పలేదు.

చువ్వ దిగిన చోట పసుపులో నల్లటి రవ్వలు కనిపించాయి, తుప్పేమో. పొద్దున్నే జల్లెడ పట్టాలి. ఆవిడ ఫోన్ చేస్తే పసుపు బాగుందని చెప్తాను. సంచి చిరిగిన సంగతి చెప్పను.