32 పుల్లల చక్రం

మా బడి పాత విద్యార్థుల సమ్మేళనం కమిటీ వాళ్ళు మూడుసార్లు ఫోన్ చేశారు. "సంచికలో నీది కూడా ఒక పేజీ ఉండాలిరా, బడి గురించి ఏదైనా రాయి" అన్నారు. బడి అనగానే నాకు గుర్తొచ్చేది హెడ్మాస్టారి హెర్క్యులెస్ సైకిలు. 1987 బ్యాచికి ఇంతకంటే చెప్పక్కర్లేదు. పంపు సంగతి, గంట సంగతి, జామచెట్టు సంగతి మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు.

మొన్న వేసవిలో నా పాత మౌంటెన్ బైకుని మళ్ళీ నిలబెట్టాను. 2006లో కొన్నది. ముందు ఫోర్కుకి స్ప్రింగులు, వెనక ఏమీ లేని హార్డ్‌టెయిలు, స్టీలు ఫ్రేము, 26 అంగుళాల చక్రాలు. పిల్లలు పుట్టి, డ్యూటీలు పెరిగాక బాల్కనీలోకి చేరింది. విశాఖ ఎంవీపీ కాలనీలో సముద్రపు గాలికి ఇనుము ఏమవుతుందో మీకు తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు కిటికీ రెక్క ఊడొచ్చి సరిగ్గా ముందు చక్రం మీద పడింది. అయినా తుక్కు వాడికి ఇవ్వడానికి మనసొప్పలేదు.

విప్పబోతే ముందు సీటు పోస్టే మొండికేసింది. స్టీలు గొట్టంలో అల్యూమినియం పోస్టు. ఉప్పుతేమ దిగిందంటే రెండూ కరుచుకుపోతాయి. పెడళ్ళ ఇరుసు తీసేసి, బండిని తలకిందులుగా వేలాడదీసి, ఆ కన్నంలోంచి తుప్పు వదిలే నూనె పోశాను. నాలుగు రాత్రులు అలాగే ఉంచాను. ఐదోరోజు పోస్టుని వైసులో బిగించి ఫ్రేముని రెండు చేతులా పట్టి తిప్పితే కిర్రుమంది. ఆ చప్పుడు విని మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

ఆ ఇరుసుకి కుడివైపు బేరింగు కప్పు మర తిరగబడి, అంటే ఎడమకి తిప్పితే బిగిసేలా ఉంటుందని నాకెవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. క్రాఫ్టు మాస్టారు తొమ్మిదో క్లాసులోనే చెప్పారు.

హెర్క్యులెస్‌ని వాల్తేరు అప్పులో, అంటే ఆ ఏటవాలు రోడ్డులో, ముగ్గురం ఎక్కి దించిన రోజు ముందు చక్రం అప్పడంలా అయింది కదా. హెడ్మాస్టారు బెత్తం తీసేలోపు క్రాఫ్టు మాస్టారు అడ్డం వచ్చారు. "వీళ్ళని నాకొదిలేయండి సార్, రెండు శనివారాలు" అన్నారు. చింతచెట్టు కింద గోనెపట్టా, కిరసనాయిలు డబ్బా, పాత పుల్లల (స్పోకుల) కట్ట. ఆ ముందు చక్రానికి 32 పుల్లలు. అన్నీ ఊడదీయించారు. ఒక్కో పుల్ల రెండు పుల్లల పైనుంచి, మూడోదాని కిందనుంచి పోవాలి. తప్పితే మాటాడకుండా మళ్ళీ విప్పించేవారు. మొదటి శనివారం చీకటి పడేదాకా నాకు పన్నెండు దాటలేదు.

రెండో శనివారం వంకర తీయడం. సైకిల్ని తలకిందులుగా పెట్టి, జేబులోంచి సుద్దముక్క తీసి, ఫోర్కుకి ఆనించి రిమ్ముకి వెంట్రుకవాసి దూరంలో పట్టుకున్నారు. చక్రం తిప్పమన్నారు. ఎక్కడ తెల్లగా గీత పడిందో అక్కడే వంకర. గీత ఎడమవైపు పడితే కుడివైపు పుల్ల బిగించాలి, ఎడమది అంతే వదలాలి. "పావు తిప్పు, ఆగు, చూడు. ఏట్రా ఆ తొందర? చక్రం ఎక్కడికీ పారిపోదు" అనేవారు. చివర్న కళ్ళు మూసుకుని ఒక్కో పుల్లనీ వేలితో మీటించారు. ఒక వైపువన్నీ ఒకే సుతిలో పలకాలి. తేడాగా పలికింది వదులుగానో, మరీ బిగుతుగానో ఉన్నట్టు. నా చెవికి ఆ తేడా అందిన క్షణం ఆయన మొహం చూశాను. ఏమీ అనలేదు, స్పోకు కీ నా చేతిలో పెట్టేసి టీకి వెళ్ళిపోయారు. పదో క్లాసు గురించి అడిగితే నాకు పరీక్ష హాలు కూడా సరిగ్గా గుర్తులేదు గానీ, ఆ మధ్యాహ్నం ఎండ చింతాకుల్లోంచి ఎలా పడిందో చెప్పగలను.

నా బైకు ముందు చక్రానికీ 32 పుల్లలే. 26 అంగుళాల రిమ్ము దొరకడానికి నెల పట్టింది. మట్టిబాటల్లో తొక్కే ట్రైలు బళ్ళన్నీ 27.5 అంగుళాలకీ, 29కీ వెళ్ళిపోయాయి. చక్రం నేనే అల్లాను. సుద్దముక్క మా అమ్మాయి తెచ్చిచ్చింది. ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజనీరింగు చదువుతోంది, గేరు వైరు తనే లాగింది. ముందున్న మూడు పళ్ళచక్రాలూ తీసేసి 32 పళ్ళది ఒక్కటే పెట్టాం, వెనక పెద్దది 36. ఫోర్కు మటుకు పాతదాని పొడవుదే వెతికి వేశాను. పొడుగుది వేస్తే ముందు భాగం లేచిపోయి ఎక్కుడులో చక్రం దారి తప్పుతుంది.

ఆదివారాలు తెల్లారకుండానే ఆనందపురం దాటి జీడితోటల మధ్య మట్టిబాటలు పడతాను. టైర్లలో గాలి 30 పీఎస్‌ఐ మించనివ్వను, గులకరాళ్ళ మీద పట్టు అప్పుడే ఉంటుంది. ఎర్రమట్టి దిబ్బల మీద మాత్రం తొక్కను, మీరూ తొక్కకండి. ఆ ఇసుకలో పడ్డ చారలోంచి వాననీళ్ళు దారి చేసుకుంటాయి.

ఇవాళ రేవులో క్రేన్ల మరమ్మతులు నా అజమాయిషీలో నడుస్తున్నాయి. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి బోల్టు బిగించడం చూపిస్తూ "పావు తిప్పు, ఆగు, చూడు" అంటాను. ఆ మాట ఎవరిదో వాళ్ళకి చెప్పాను కూడా.

సమ్మేళనానికి సైకిలు మీదే వస్తాను. వెనక చక్రం ఇంకా కుడివైపు కొంచెం కొడుతోంది. వచ్చే శనివారం చూడాలి.