చతురస్రాలు నిలబడ్డాయి!

పాచిక ఆరు పడగానే "అన్నా, వచ్చేశా" అంటూ మా తమ్ముడు, ఫ్రెంచ్ సేనాని మార్షల్ నెయ్ గుర్రపుదళం బొమ్మల్ని గట్టు మీదికి తోశాడు. డైనింగ్ టేబుల్ మీద ఆకుపచ్చ దుప్పటి, దాని కింద లావుపాటి నిఘంటువులు, ఇదే ఈరోజు మా వాటర్లూ, నెపోలియన్ ఓడిన ఆఖరి యుద్ధాన్ని బొమ్మ సైనికులతో ఆడుతున్నాం. ఆటలో 1815 జూన్ 18, సాయంత్రం నాలుగు దాటింది.

నా బ్రిటిష్ పటాలాలు వరసలో ఉన్నాయి. అలాగే ఉంటే గుర్రాలు తొక్కేస్తాయి, అందుకే గబగబా చతురస్రాలు కట్టించా, నాలుగు వైపులా బాయ్‌నెట్లు. గుర్రం ఆ ముళ్ల మీదికి దూకదు. కానీ చతురస్రంలో జనం కిక్కిరిసి ఉంటారు కదా, సరిగ్గా అప్పుడే దగ్గర నుంచి ఫిరంగులు పేలితే ఇక అంతే. టెన్షనంతా అక్కడే. నెయ్ ఆ రోజు పదాతిదళాన్ని, సరిపడా ఫిరంగుల్ని వెంట తెచ్చుకోకుండా గుర్రాలనే మళ్లీ మళ్లీ పంపాడని ఎన్ని పుస్తకాల్లో చదివినా, ఆ లోటు ఎంత పెద్దదో బొమ్మల్ని చేత్తో కదిపినప్పుడే నాకు బాగా అర్థమైంది.

మధ్యలో టీ తాగుతూ కానన్ డాయిల్ రాసిన, నెపోలియన్ సైన్యంలోని బ్రిగేడియర్ జెరార్డ్ అనే పాత్ర కథ చదివి వినిపించా. ఇదే యుద్ధం చివర్లో అతను నెపోలియన్ వేషంలో ప్రష్యన్ రౌతులను తన వెంట పరిగెత్తించే ఘట్టం. ఎంత నవ్వామో! ఆ గొప్పలరాయుడి మాటల్లోనే ఓడిన సైన్యం మీద అంత ప్రేమ నింపాడు చూడండి, అది నాకు ప్రాణం.

ఇక ప్లాన్సెన్వా అనే ఊరి వైపు నాకు సాయంగా ప్రష్యన్లు రావాలి. ఏ టర్న్‌లో వస్తారో పాచికలే చెప్పాలి. తమ్ముడు మాత్రం రారనే అంటున్నాడు.