మధురవాడ బోర్డులో పోయిన ధకారం

మధురవాడలో మా పిన్ని గానుగ నూనెల దుకాణం తెరిచినప్పుడు బోర్డు పని నా మీద పడింది. "బండి మీద పోయేవాళ్లకు కూడా ఆనాలిరా, అక్షరాలు బొద్దుగా ఉండాలి" అన్నది ఆమె షరతు. చేతికందిన సన్నని ఫాంటు తీసుకొని, సాఫ్ట్‌వేర్‌లో అక్షరాల చుట్టూ గీత మందం పెంచి, మొనలు గుండ్రంగా మార్చి ఫ్లెక్సు వేయించాను. తీరా పైకెక్కించాక చూస్తే మధురవాడ కాస్తా మదురవాడ అయింది. ధకారం కింద ఉండవలసిన చిన్న గీత అక్షరంలోనే కలిసిపోయింది. బోర్డు మీది 'పద్మావతి'లో పకారానికీ దాని తలకట్టుకూ నడుమ ఉండే సందు పూడిపోవడంతో, రోడ్డు అవతలి నుంచి అది 'వద్మావతి'గా కనబడింది. తప్పు ఫ్లెక్సు వేసినవారిది కాదు, నాదే.

గీతకు రెండువైపులా సమానంగా మందం చేర్చితే అక్షరం వెలుపల ఎంత పెరుగుతుందో లోపలి ఖాళీ అంత తరుగుతుంది. ఇంగ్లీషు 'ఓ'కు లోపల ఒకే ఖాళీ కనుక అది తట్టుకుంటుంది. మన 'ఘ'కు, 'ఝ'కు ఆ వెసులుబాటు లేదు. పైన గుడి, కింద వత్తు కూడా చేరితే ఒక్క అక్షరమే మూడంతస్తులవుతుంది. అందుకే లావు ఫాంటును మొదటి నుంచీ లావుగానే గీయాలి, ఇరుకైన చోట గీతను కావాలనే సన్నబరచాలి.

ఆ పని ఓపికగా చేసినది ముంబయికి చెందిన ఏక్ టైప్ సంస్థ రూపొందించిన 'బాలూ తమ్ముడు' అనే తెలుగు ఫాంటు. హిందీలో భాలూ అంటే ఎలుగుబంటి. అక్షరాలు నిజంగానే అలా బొద్దుగా, మొనలు లేకుండా ఉంటాయి. తమిళంలో దీని పేరు తంబి, మలయాళంలో చేట్టన్, గుజరాతీలో భాయ్. ఇంత చక్కని నామకరణం ఫాంట్ల లోకంలో నేను మరొకటి చూడలేదు. మొదట ఒకే మందంతో వచ్చినా, తరువాతి 'బాలూ తమ్ముడు 2'లో ఐదు మందాలున్నాయి. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉచితం కనుక దుకాణం బోర్డుకు వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

రెండవసారి ఫ్లెక్సు మానుకొని, యాక్రిలిక్ అక్షరాలు కోయించి లోపల ఎల్‌ఈడీలు పెట్టించాము. గుండ్రటి లావు అక్షరాల సుఖం అక్కడే తెలిసింది. కోసే యంత్రపు ములుకు గుండ్రనిది, లోపలి మూలలను ఎలాగూ గుండ్రంగానే వదులుతుంది. మనం గీసిన రూపానికీ కోసిన రూపానికీ తేడా పెద్దగా రాలేదు. గీత వెడల్పుగా ఉన్నందున లైట్లు ఇరుకు లేకుండా పట్టాయి. అద్దాల తలుపు మీది వినైల్ స్టిక్కరుకూ ఇదే ఫాంటు పెట్టాను, ఎందుకంటే స్టిక్కరు మొదట లేచేది వాడి మూలల దగ్గరే.

ఉత్సాహం కొద్దీ సీసాల లేబుళ్ల మీది చిన్న అక్షరాలకు కూడా దీన్నే పెట్టబోయాను గానీ, నమూనా ప్రింటులో 'వేరుశెనగ' ఒక నల్లటి ముద్దగా వచ్చింది. లేబుల్‌పై నూనె పేరుకు మాత్రం దీన్ని ఉంచి, తయారీ తేదీకీ పరిమాణానికీ మామూలు సన్నని ఫాంటు వాడాను. ధరల పట్టిక జోలికి వెళ్లలేదు. అది పిన్ని రోజూ సుద్దముక్కతో తానే రాసుకుంటుంది.